ఒంగోలు కొండ నుండి వెల్లంపల్లి రేవు వరకు

పంట పండిన ఏట దేవుని స్తుతించుట ఎవ్వరికిని కష్టము కాదు. విత్తినది మొలవక, పిలిచిన పిలుపునకు బదులు రాక, పంపినవారే "ఇక చాలును, మరలి రండు" అని వ్రాయు దినములలో చేపట్టిన పనిని విడువక నిలుచుట కష్టము. క్రైస్తవ గ్రంథములలో విశ్వాసము, విధేయత అను రెండు మాటలును తరచుగా ఒక్కచోటనే కానవచ్చును. ఒకటి లోపలి నమ్మకము, రెండవది దాని వెలుపలి నడవడి. ఈ రెంటికిని గల సంబంధమును తెలిసికొనుటకు ధర్మోపన్యాసము కంటె చరిత్ర ఒక్కొక్కప్పుడు ఎక్కువ సాయపడును. అట్టి చరిత్ర మన తెలుగు సీమయందే, నెల్లూరికిని ఒంగోలుకును నడుమ, 1836 మొదలు 1878 వరకు నడచినది.

ఈ కథకు మొదటి పురుషుడు శామ్యూల్ డే. ఆయన కెనడా దేశమున జన్మించి, అమెరికా బాప్టిస్టు సంఘమువారి పక్షమున 1835లో బోస్టను రేవున ఓడ యెక్కి, 1836లో కలకత్తా చేరెను. తెలుగువారి నడుమ పనిచేయవలెనని ఆ సంఘమువారికి సూచించినవాడు ఒడిస్సాలో పనిచేయుచున్న ఆమోస్ సట్టన్ అను ఆంగ్ల మతబోధకుడు. డే దంపతులు విశాఖపట్టణము, శ్రీకాకుళము, చెన్నపట్టణము తిరిగి, తుదకు 1840లో నెల్లూరున స్థిరపడిరి. 1844లో అచ్చట 8 మంది సభ్యులతో ఒక సంఘము ఏర్పడెను. ఎనిమిదేండ్ల శ్రమకు ఎనిమిది మంది! 1846లో ఆరోగ్యము చెడి డే స్వదేశమునకు మరలెను. అటుపిమ్మట సుమారు మూడేండ్లు నెల్లూరున మతబోధకుడే లేకపోయెను.

అమెరికాలోని సంఘ నిర్వాహకులకు ఈ పని ఒక సమస్యయయ్యెను. పొరుగుననున్న బర్మా దేశమున వారి పని వేగముగా విస్తరిల్లుచుండెను. అచ్చట కరెను జాతివారు వేలకొలది సంఘమున చేరుచుండిరి. ధనము పరిమితము, మనుష్యులు కొలదిమంది. ఫలించు పొలమును వదలి ఫలింపని పొలమున విత్తనములు చల్లుట వివేకమేనా అని వారు ప్రశ్నించుకొనిరి. ఆ ప్రశ్న తప్పు కాదు. ఇతరులు విశ్వసించి యిచ్చిన ధనమునకు బాధ్యులైనవారు అట్లు ఆలోచింపవలసినదే. కావుననే ఈ చరిత్రలో వివేకమొక పక్షమునను, మూఢపట్టుదల వేరొక పక్షమునను ఉన్నవని భావింపరాదు. ఇరుపక్షములవారును భక్తిపరులే.

నెల్లూరి పనిని మూసివేయవలెనను ప్రతిపాదన మూడుమారులు వచ్చినది. మొదటిది 1848లో. డే స్వయముగా నిలిచి వేడికొనగా, నిర్వాహకులు మనసు మార్చుకొని, ఆయనతోపాటు లైమన్ జ్యూయెట్ అను యువకుని పంపిరి. వారు 1849లో నెల్లూరు చేరిరి. రెండవ ప్రతిపాదన 1853లో, ఆల్బనీ నగరమున జరిగిన వార్షిక సభయందు వచ్చెను. ఆ సంఘము పనిచేయు స్థలములన్నియు గోడమీది దేశపటమున చుక్కలుగా గుర్తింపబడియుండ, వానిలో నెల్లూరు ఏ తోడును లేని ఒక్క చుక్కగా కానవచ్చుచుండెను. దానిని ఒకరు "ఒంటరి నక్షత్రము" అనిరి. సభకు వచ్చినవారిలో శామ్యూల్ స్మిత్ అను కవి యుండెను. అమెరికావారి దేశభక్తి గీతమొకదానిని రచించి ప్రసిద్ధుడైనవాడు ఆయనయే. ఆ రాత్రియే ఆయన ఆ ఒంటరి నక్షత్రమును గూర్చి ఒక గీతము వ్రాసెను. మరునాడు దానిని చదివి వినిపింపగా విన్నవారి హృదయములు కరగినవి. నెల్లూరు నిలిచినది. నేటికిని ఆ పనికి చరిత్రలో ఒంటరి నక్షత్ర మిషను అనియే పేరు.

అయితే గీతమువలన సభ కరగవచ్చును గాని, నెల్లూరి వీధులలో ఏ మార్పును కలుగలేదు. ఆ 1853లోనే డే ఆరోగ్యము పూర్తిగా క్షీణించి మన దేశమును శాశ్వతముగా విడిచిపోయెను. జ్యూయెట్ దంపతులు మిగిలిరి. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారుజామున, వారు ఒంగోలు పట్టణము ప్రక్కనున్న చిన్న కొండ నెక్కిరి. వారితో మరి ముగ్గురు మాత్రమే యుండిరి: నర్సు అను తెలుగు బోధకుడు, జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు. ఒంగోలు నెల్లూరికి ఉత్తరముగా సుమారు 75 మైళ్ల దూరమున నున్నది. అచ్చట వారికి ఇల్లు లేదు, సంఘము లేదు, ఎరిగినవారు లేరు. కొండమీద నిలిచి, క్రింద కనబడు పల్లెలను చూచి, ఆ ప్రాంతమునకు ఒక బోధకుని పంపుమని ఆ ఐదుగురును ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ప్రార్థన ముగించి కొండ దిగి, మరల తమ నిత్యకృత్యములలో పడిరి. ఆ బోధకుడు వచ్చుటకు 12 సంవత్సరములు పట్టినది.

ఈ పండ్రెండేండ్లను గూర్చి చరిత్రకారులు వ్రాసినది బహు స్వల్పము. వ్రాయదగిన సంఘటనలు లేవు. నెల్లూరున పాఠశాల నడచెను, సంతలలో బోధ జరిగెను, ఒకరో ఇద్దరో సంఘమున చేరిరి. కొండమీది ప్రార్థన చిత్రమునకు తగినది. ఆ తరువాతి దినములు చిత్రమునకు అందనివి. ఓర్పు అనునది అట్టి దినములలోనే యుండునని నా తలంపు.

1862లో జ్యూయెట్ కూడ వ్యాధిగ్రస్తుడై స్వదేశమున నుండెను. అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, సంఘముల ఆదాయము సన్నగిల్లియుండెను. ఆ సంవత్సరము ప్రావిడెన్సు నగరపు సభలో మూడవమారు మూసివేత ప్రతిపాదన వచ్చెను. తన ఆరోగ్యము కుదుటబడిన తోడనే తాను ఒంటరిగానైనను తెలుగువారి యొద్దకు మరలిపోయి, అచ్చటనే జీవించి అచ్చటనే మరణింతునని జ్యూయెట్ చెప్పెను. అట్లయిన ఆయనను పాతిపెట్టుటకైనను ఒకనిని తోడు పంపవలసినదేయని కార్యదర్శి పరిహాసమును విచారమును కలిపి పలికెనని చెప్పుదురు. ఆ తోడుగా వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. ఆయన 1864 నవంబరులో బోస్టనులో ఓడ యెక్కి 1865లో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురముండెను. మతబోధకుడు కాక పూర్వము ఆయన అమెరికాలో ప్రభుత్వ భూమి కొలతల పనిచేసినవాడు. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. దాని ప్రయోజనము ముందు తెలియగలదు.

ఇంతవరకు చెప్పినది దొరల ఓర్పు. ఇక చెప్పబోవునది తెలుగు పల్లెల ఓర్పు. ఈ చరిత్రను చెప్పువారు సాధారణముగా మొదటిదానిని విస్తరించి, రెండవదానిని సంగ్రహింతురు. న్యాయమునకు దీనికే ఎక్కువ చోటు ఈయవలెను.

ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను గ్రామము కలదు. అచ్చటి మాదిగవాడలో ఎర్రగుంట్ల పేరయ్య నివసించెను. తోళ్ల వ్యాపారముపై ఊరూరు తిరుగుట ఆయన వృత్తి. విగ్రహములను విడిచి నిరాకారుడైన పరమాత్ముని ధ్యానించుమని బోధించు రాజయోగుల మార్గమున ఆయన పూర్వమే నడచియుండెను. పోతులూరి వీరబ్రహ్మము శిష్యకోటిలో కక్కయ్య ఉండిన సంప్రదాయము మనకు తెలిసినదే. కులముచేత దూరముగా నిలుపబడినవారు జ్ఞానమార్గమున వెదకులాడుట మన దేశమున క్రొత్త విషయము కాదు. పేరయ్యయు అట్టి అన్వేషకుడే. వ్యాపారముపై ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరు ప్రాంతమున క్రైస్తవబోధ ఆయన చెవిని పడెను. 1866లో ఆయనయు భార్య నాగమ్మయు ఒంగోలుకు వచ్చి, జ్యూయెట్ చేత బాప్తిస్మము పొందిరి. క్లౌ ఒంగోలునకు కాపురము వచ్చునప్పటికే అచ్చట క్షేత్రము సిద్ధమై యుండెను. దానిని సిద్ధపరచినవాడు పేరయ్య. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు పోగా, ఒక్కమారుగా 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఇచ్చట క్లౌకు పరీక్ష యెదురయ్యెను. ఒంగోలులో ఆయన పెట్టిన పాఠశాలకు అగ్రవర్ణముల బాలురు వచ్చుచుండిరి. మాదిగలను సంఘమున చేర్చుకొన్నచో తమ పిల్లలను మానిపింతుమని పెద్దలు తెలిపిరి. పట్టణపు పెద్దల ఆదరణ ఒకవైపు, వాడలనుండి వచ్చు నిరుపేదలు మరియొకవైపు. ఆయన కలతచెంది గ్రంథమును తెరువగా, దేవుడు లోకములోని బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని ఏర్పరచుకొనునని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము కంటబడెను. అదే సమయమున వేరొక గదిలో ఆయన భార్యయు అదే భాగమును తెరచియుండెనని ఆయన తన జీవితకథలో చెప్పెను. మరుక్షణము సందేహము వీడెను. వాడలవారు సంఘమున చేరిరి. అగ్రవర్ణ బాలురు బడి విడిచిరి.

వాడలవారు చెల్లించిన మూల్యము ఇంతకంటె మిక్కిలి పెద్దది. క్లౌ వారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి సామాన్యముగా తోచును. కాని ఆనాటి గ్రామవ్యవస్థలో మాదిగ కుటుంబము ఊరికి కట్టుబడిన కుటుంబము. రైతుకు చెప్పులు కుట్టుట, కపిల తోలుటకు తోలుబాన సిద్ధపరచుట, కొలువులలో డప్పు కొట్టుట, చచ్చిన గొడ్డును తొలగించుట, పిలిచినప్పుడెల్ల వెట్టి చేయుట ఆ కుటుంబము విధులు. అందులకు ప్రతిఫలముగా కళ్లమువద్ద కొంత ధాన్యము లభించును. కొలువులో డప్పు కొట్టను అనుట, ఆదివారము కపిల బాగుచేయను అనుట, ఆ బంధమంతటిని కదలించుట. ఊరివారి దృష్టిలో అది మతవిషయము కాదు, తిరుగుబాటు. దాని ఫలితముగా కొన్ని ఊళ్లలో వారికి నీటి వసతి నిలిపివేయబడెను, అంగళ్లలో సరకులు అమ్మకపోయిరి, దొంగతనములు మోపి కొట్టించిరి. ఒక నెల కాదు, ఒక పంట కాదు, ఏండ్ల తరబడి ఇట్లు జరిగినది.

మూసివేయుదుమని అమెరికాలో సభలు తీర్మానించుకొన్నప్పుడు జ్యూయెట్‌కు మరలిపోవుటకు ఒక దేశముండెను. మాదిగవాడలోని విశ్వాసికి మరలిపోవు చోటు లేదు. రేపును ఆ ఊరిలోనే, ఆ కరణము ఎదుటనే, ఆ రైతు పొలము గట్టుననే బ్రతుకవలెను. విశ్వాసమున నిలుచుట యనగా వారికి ప్రతిదినమును ఒక చిన్న పనిని చేయుటయో మానుటయో అయ్యెను. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు. వారి పేర్లు ఏ గ్రంథమునందును లేవు. వారు నిలుచుటవలననే సంఘము నిలిచినది.

1876లో ఋతుపవనములు విఫలములయ్యెను. దక్షిణదేశమున మహాక్షామము ప్రవేశించెను. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ కరవులో దేశమున 50 లక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా. ప్రభుత్వపు కరవు పనులు ఆరంభమైనవి గాని, 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ సలహామేరకు కూలి తగ్గింపబడి, దినమునకు మగకూలీకి ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే యయ్యెను. అది ప్రాణము నిలుపుటకు చాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిష్ అడ్డు చెప్పగా, కొన్ని నెలలకు పెంచిరి. ఆ పనులకైనను మాదిగలు సులభముగా చేరలేకపోయిరి. మేస్త్రీలు వారిని తరిమివేయుటయో, వారి కూలిని హరించుటయో జరుగుచుండెను.

అప్పుడు క్లౌకు తన పాత విద్య పనికి వచ్చినది. చెన్నపురి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కాలమున కోరమండల తీరపు కాలువను కరవు పనిగా త్రవ్వించుచుండిరి. నేటికిని అది బకింగ్‌హాం కాలువ. అందులో 3½ మైళ్ల భాగమును క్లౌ గుత్తకు తీసికొనెను. భూమిని కొలుచుట, మట్టి పరిమాణము లెక్కించుట ఆయనకు తెలిసిన విద్యయే. రాజుపాలెము వద్ద తాటాకు పాకలతో ఒక పెద్ద మకాము వెలసినది. ఒక్కొక్కప్పుడు వేలమంది అచ్చట పనిచేసిరి. బోధకులే మేస్త్రీలైరి. గడువు తీరకముందే కలరా పుట్టినది. మరణించినవారిని మరణించినచోటనే పూడ్చవలసి వచ్చినది. పగలు మట్టి తట్టలు మోసి, విశ్రాంతి వేళ పాకల నీడను కూర్చున్నవారికి బోధకులు బైబిలు చెప్పుచుండిరి. ప్రయాసపడి భారము మోయువారిని యేసు తనయొద్దకు పిలిచిన వాక్యమును వారు మరల మరల అడిగి వినిరట. తట్ట దించి కూర్చున్నవానికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు గదా!

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచు విషయమిది. కాలువ గట్టున వేలకొలది జనులు బాప్తిస్మము కోరిరి. క్లౌ ఈయలేదు. కూలి తన చేతులమీదుగా పోవుచుండగా, ఆపైన విత్తనములకును పశువులకును సహాయధనము తానే పంచుచుండగా, సంఘమున చేరువాడు దేవునికై చేరుచున్నాడో దొర చేతిలోని రూపాయికై చేరుచున్నాడో ఎట్లు తెలియును? కావున ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. ఆ నిలుపుదల 15 నెలలు సాగినది. నలుబదేండ్లు ఫలము కొరకు నిరీక్షించిన మిషను, ఫలము గుమ్మమునకు వచ్చిన దినమున తలుపు మూసికొన్నది. ఫలము లేనప్పుడు ఓర్చుకొనుట ఒక విధమైన విధేయత. చేతికందిన ఫలమును, అది పండిన రీతిపై సందేహము కలిగి, కోయకుండుట ఇంకను కఠినమైన విధేయత.

1878 జూన్ నాటికి సహాయధనము పంచుట ముగియవచ్చెను. ఒంగోలులో మశూచికము వ్యాపించియుండుటచే, పట్టణమునకు ఉత్తరముగా 10 మైళ్ల దూరమున, గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని క్లౌ బోధకులకు కబురు పంపెను. బోధకుల వెంట వేలకొలది జనులు వచ్చిరి. ఇక ధనము లేదు, ఇండ్లకు మరలిపొండని ఆయన చెప్పిచూచెను. వారు కదలలేదు. తమకు ధనము వలదనియు, తాము పనిచేసి బ్రతికితిమనుటకు తమ అరచేతుల బొబ్బలే సాక్ష్యమనియు, మరల పంట పోయినచో చత్తుముగాక, క్రైస్తవులముగా చత్తుమనియు వారు బదులు చెప్పిరని క్లౌ వ్రాసెను. ఇక కాదనుటకు ఆయనకు కారణము దొరకలేదు. ఒక్కొక్క ఊరివారిని ఆ ఊరి బోధకుడు గుర్తించి, విచారించిన పిమ్మట బాప్తిస్మములు జరిగెను. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది. మూడు దినములలో మొత్తము 3,536 మంది. నదిలో ఒక్కమారు ఇద్దరు బోధకుల చొప్పున, ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా నిలిచి ఈ కార్యమును జరిపిరి. 3వ తేదీన క్లౌ తానై ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు.

ఇంత జరిగినను సందేహించినవారు లేకపోలేదు. అన్నమునకై మతము పుచ్చుకొనిరని ఆనాడే కొందరనిరి, నేడును అనువారు కలరు. ఈ మాటను త్రోసివేయక తూచి చూడవలెను. కరవునకు పూర్వమే పదేండ్లుగా, ఏ కరవు కూలియు లేని కాలమున, పైగా ఉన్న కూలిని కోల్పోవు కాలమున, ఆ వాడలవారు సంఘమున చేరుచుండిరి. ధనము పారు కాలమున ద్వారము మూయబడి, ధనము ముగిసిన వేళ తెరువబడినది. ఇవి ఒక పక్షపు సాక్ష్యములు. కరవు లేకున్న ఇందరు ఒక్కమారుగా వచ్చియుండెడివారు కారు అనుటయు నిజమే. ఆకలిగొన్నవాని కడుపును హృదయమును రెండుగా చీల్చి చూపుట చరిత్రకారునకు సాధ్యము కాదు. తన బిడ్డను పూడ్చునప్పుడు ప్రక్కన నిలిచినదెవరో, తన కూలిని తనకు సరిగా లెక్కించి యిచ్చినదెవరో మనుష్యుడు మరువడు. ఆ నమ్మకమునుండి దేవునియందు నమ్మకము పుట్టినచో, అది కల్తీ యని చెప్పుటకు నేను జంకుదును. చేరిన అందరును తుదివరకు నిలిచిరనియు చెప్పజాలము. నిలిచినవారి సంతతి నేడును ఆ సీమలో కలదు.

వెల్లంపల్లి వార్తను డే వినలేదు. ఆయన 1871లోనే మరణించెను. జ్యూయెట్ 1897 వరకును, క్లౌ 1910 వరకును జీవించిరి. రామాయపట్నమున 1872లో వెలసిన వేదాంత పాఠశాలలో చెప్పులు కుట్టినవారి కుమారులు గ్రంథములు చదివి బోధకులైరి. 1962లో మిషను బాధ్యతలు తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశమునకు సంక్రమించెను. 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లా 1972 నుండి ప్రకాశం జిల్లా యయ్యెను. జ్యూయెట్ ఎక్కిన కొండకు ప్రార్థన కొండ అను పేరు నిలిచియున్నది.

పేరు నిలిచినది కొండకు మాత్రమే. ఒక ఆదివారమునాడు కపిల కట్టనని చెప్పి, ఆ సాయంకాలము దెబ్బలు తిని, మరుసటి ఆదివారమునను అదే మాట చెప్పిన తాళ్లకొండపాటి మనుష్యునకు గుర్తు ఏదియు లేదు. ఒంగోలు ప్రాంతమునకు పోవు శ్రోతలు ఆ కొండను చూచినపుడు, దిగువనున్న పల్లెలవైపునను ఒక్కమారు దృష్టి సారింపవలెనని కోరుచున్నాను.